పచ్చిగా తింటేనే ప్రొటీనా? ఫార్వర్డ్ నమ్మేముందు వంటింట్లోనే లెక్క తేల్చుకోండి

"వండితే ప్రొటీన్ మొత్తం చచ్చిపోతుంది, పచ్చిగా తినండి." "మొలకలు వచ్చాక పెసల్లో ప్రొటీన్ రెట్టింపు." "మీల్ మేకర్‌లో చికెన్ కన్నా రెండింతలు." "పప్పులో సారమంతా పైన తేరిన నీళ్లలోనే ఉంటుంది." ఇలాంటివి ఫోన్లోకి వచ్చి పడుతూనే ఉంటాయి. పంపేది మన పిన్నో, బాబాయో, జిమ్‌లో పక్కన బరువులెత్తే కుర్రాడో అయి ఉంటారు కాబట్టి మొహమ్మీద కాదనలేం, అలాగని నమ్మేసి పిల్లాడితో పచ్చిగుడ్డు తాగించలేం. నన్నడిగితే వీటిలో చాలావాటిలో అంకె నిజమే, ఆ అంకెని దేని పక్కన పెట్టి చూపిస్తున్నారన్న దగ్గరే మోసం. అది పట్టుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. వంటింట్లో వాడే చిన్న తూకం మిషను, ఫోన్లో క్యాలిక్యులేటరు ఉంటే సరిపోతుంది.

ముందు నీళ్ల సంగతి తేల్చండి

ఏ పోలిక కనబడినా మొదట అడగాల్సింది ఇదే: ఆ వంద గ్రాములు పొడివా, నానబెట్టినవా, ఉడికినవా? ఈ ఒక్క ప్రశ్నకే సగం ఫార్వర్డ్‌లు రాలిపోతాయి.

కందిపప్పు తీసుకోండి. కొట్లో కొన్న పొడి పప్పు వంద గ్రాముల్లో ప్రొటీన్ దాదాపు 22 గ్రాములు. అదే వంద గ్రాముల్ని కుక్కర్లో పెట్టి ముద్దపప్పు చేస్తే బరువు సుమారు మూడు వందల గ్రాములవుతుంది. ఇప్పుడు ఆ ముద్దపప్పులోంచి వంద గ్రాములు తూచి తీస్తే అందులో ఉండేది ఏడు గ్రాముల చిల్లర. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి "చూశారా, ఉడికిస్తే ఇరవై రెండు కాస్తా ఏడైపోయింది" అని రీల్ చేసేస్తారు. గిన్నె మొత్తంలో మాత్రం ఇరవై రెండూ ఇరవై రెండే ఉన్నాయి, మధ్యలో నీళ్లొచ్చి కలిశాయంతే. పప్పుచారు చేస్తే అంకె ఇంకా పడిపోతుంది, దాని అర్థం చారుకి పప్పు పనికిరాదని కాదు కదా.

చికెన్ దగ్గర ఇదే కథ తిరగబడుతుంది. ఎముక, తోలు లేని పచ్చి బ్రెస్ట్ ముక్క వంద గ్రాముల్లో 22 గ్రాములుంటే, కాల్చినదాంట్లో 31 అని రాస్తారు. రెండూ సరైన అంకెలే. వేడికి నీళ్లు బయటికిపోయి వంద గ్రాముల ముక్క డెబ్బై చిల్లరకి కుంచించుకుపోతుంది, అంతే తప్ప పెనం మీద ప్రొటీనేమీ పుట్టలేదు. కాబట్టి కాల్చిన చికెన్ అంకెని తెచ్చి ఉడికిన పప్పు అంకె పక్కన పెట్టినా, పొడి మీల్ మేకర్ అంకెని తెచ్చి పచ్చి చికెన్ పక్కన పెట్టినా, అది లెక్క కాదు, గారడీ.

మీల్ మేకర్ విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈమధ్య జిమ్‌కెళ్లే పిల్లలందరూ దీని మీదే పడ్డారు. ప్యాకెట్ మీద వందకి 52 గ్రాములని ఉంటుంది, అది అబద్ధం కాదు. కానీ వేడినీళ్లలో నానబెట్టి, చల్లారాక రెండు చేతుల మధ్య గట్టిగా పిండినా బరువు దాదాపు మూడింతలవుతుంది. అంటే మీ కూరలో కనబడే ఆ మెత్తటి ఉండలు వంద గ్రాములు తింటే వచ్చేది పదిహేడు గ్రాములు. మనిషికి ఒక పూట కూరలోకి పడేది మహా అయితే పాతికో ముప్పయ్యో గ్రాముల పొడి మీల్ మేకర్, అందులో 13 నుంచి 15 గ్రాములొస్తుంది. ఖరీదు తక్కువ, ప్రొటీన్ మంచిదే, తినండి. "చికెన్‌కి రెండింతలు" అన్న మాట మాత్రం కంచం దాకా రాదు.

అంకె ఎక్కడ దొరుకుతుంది

గూగుల్‌లో మొదట కనబడిన అంకెని పట్టుకోకండి. మన దగ్గర తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, అదే ఎన్ఐఎన్. వాళ్లు 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికల పుస్తకం వేశారు, 528 పదార్థాల లెక్కలున్నాయి అందులో. కందిపప్పు, పెసరపప్పు, మునగాకు, కోడిగుడ్డు, పనీర్, బియ్యం, మన వంటింట్లో ఉండేవన్నీ ఉంటాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, ఆ పట్టికల్లో దాదాపు అన్నీ పచ్చి పదార్థాల లెక్కలే. ప్యాకెట్ల మీద ఉండేవి కూడా అంతే, లోపల ఉన్న సరుకు ఏ స్థితిలో ఉందో దాని లెక్కే గానీ మీరు వండుకున్నాక ఎంతన్నది కాదు.

అందుకని సులువైన దారి ఏంటంటే, వండిన తర్వాత తూచే తంటా పెట్టుకోకుండా వండకముందు తూచండి. కుక్కర్లో పోసే ముందు పప్పు ఎంతో రాసుకోండి, మొత్తం ప్రొటీన్ కట్టండి, ఎంతమంది తిన్నారో దాంతో భాగించండి. నీళ్లు ఎన్ని పోశారు, పలచగా చేశారా గట్టిగా చేశారా అన్న గొడవే ఉండదు.

నలుగురున్న ఇంట్లో రోజుకి రెండు వందల గ్రాముల కందిపప్పు వండారనుకుందాం. మొత్తం ప్రొటీన్ 43 గ్రాములు. మనిషికి పదకొండు కన్నా తక్కువే, అదీ రెండు పూటలకి పంచితే పూటకి ఐదున్నర. ఇప్పుడు అన్నం సంగతి చూడండి. పూటకి మనిషికి వంద గ్రాముల బియ్యం పడితే అందులో దాదాపు ఎనిమిది గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే మన పప్పన్నంలో పప్పు కన్నా అన్నమే ఎక్కువ ప్రొటీన్ ఇస్తోంది. "అన్నంలో ఏముంది, ఉత్త పిండి" అనేవాళ్లకి ఈ లెక్క చూపిస్తే ఒకసారి ఫోన్ తిరగేసి మళ్లీ చూసుకుంటారు. పప్పు గొప్ప ఇంకోచోట ఉంది. ప్రొటీన్‌కి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియొనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తేనే ఆ ప్రొటీన్ ఒంటికి పూర్తిగా పనికొస్తుంది.

వేడికి ప్రొటీన్ చస్తుందా

చావదు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చుకున్న పొడవాటి గొలుసు, అది మడతలు పడి ఉండచుట్టుకుని ఉంటుంది. వేడి తగిలితే మడతలు విడిపోతాయి. దారపు ఉండ విప్పినంత మాత్రాన దారం తరిగిపోదు కదా, ఇదీ అంతే. గుడ్డులో తెల్లసొన వేడికి గట్టిపడేది ఇందుకే. పైగా మడతలు విడిపోయిన గొలుసుని మన కడుపులో రసాలు తేలిగ్గా కోసుకుంటాయి. ఎలాగూ అరిగేటప్పుడు ఆ గొలుసుని ముక్కలు చెయ్యాల్సిందే, చెయ్యకపోతే ఒంటికి పట్టదు.

"పచ్చివాటిలో ఎంజైములు బతికుంటాయి" అనే వాదన కూడా ఇక్కడే తేలిపోతుంది. ఎంజైములూ ప్రొటీన్లే, కడుపులో ఆమ్లం తగిలాక చాలావరకు అవీ అరిగిపోతాయి.

వండటం వల్ల నష్టమే లేదని మాత్రం అనను. బాగా ఎర్రగా, నల్లగా మాడేదాకా వేయిస్తే చక్కెరలతో కలిసి కొంత లైసిన్ పనికిరాకుండా పోతుంది. ఉడికించిన నీళ్లు పారబోస్తే కొద్దిగా ప్రొటీన్ ఆ నీళ్లతో పోతుంది. కందిపొడి కోసం పప్పు దోరగా వేయించినంత మాత్రాన భయపడక్కర్లేదు, మాడ్చకండి, అంతే.

పచ్చిగుడ్డు దగ్గర కాసేపు ఆగండి

పాలల్లో పచ్చిగుడ్డు కొట్టుకుని తాగితే కండ పడుతుందని మన ఊళ్లలో పాత నమ్మకం, ఇప్పుడది జిమ్ముల్లో కొత్తగా తిరుగుతోంది. పట్టికలో చూస్తే పచ్చిగుడ్డుకీ ఉడికిన గుడ్డుకీ ప్రొటీన్ దాదాపు సమానం, వందకి 13 గ్రాములు, అంటే ఒక గుడ్డుకి ఆరు పైచిలుకు. "చూడండి, తేడా లేదు, మరి ఉడికించి పాడుచేసుకోవడం ఎందుకు" అంటారు.

ఇక్కడ పట్టికలో అంకె ఎలా వస్తుందో తెలియాలి. ల్యాబులో మామూలుగా ప్రొటీన్‌ని నేరుగా కొలవరు. పదార్థంలో ఉన్న నైట్రోజన్‌ని కొలిచి, దాన్ని 6.25తో గుణిస్తారు. 1883 నాటి కెల్దాల్ పద్ధతి అది, ఇప్పటికీ నడుస్తోంది. మీ కడుపు దాంట్లోంచి ఎంత తీసుకోగలదన్నది ఆ అంకెలో ఉండదు. (ఈ లొసుగునే వాడుకుని చైనాలో నీళ్లు కలిపిన పాలల్లో మెలమైన్ అనే రసాయనం కలిపారు, దాంట్లో నైట్రోజన్ ఎక్కువ కాబట్టి పరీక్షలో ప్రొటీన్ బాగా ఉన్నట్టు చూపించింది. 2008లో బయటపడేసరికి లక్షల్లో పసిపిల్లలు జబ్బున పడ్డారు.)

ఒంటికి ఎంత పడుతుందో కొలిచిన వాళ్లున్నారు. 1998లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు, ఆపరేషన్ వల్ల చిన్నపేగు చివర పొట్ట మీదకి తెరిచి ఉన్న ఐదుగురికి గుడ్లు పెట్టి, అరగకుండా బయటికొచ్చింది ఎంతో చూశారు. ఉడికిన గుడ్డులో ప్రొటీన్ 91 శాతం ఒంటికి పట్టింది, పచ్చిగుడ్డులో 51 శాతం. ఐదుగురే కదా అంటారా, నిజమే, చిన్న పరీక్ష. తర్వాత ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసినప్పుడు తేడా కాస్త తగ్గింది, అయినా పచ్చిది వెనకబడే ఉంది. అంటే ఉజ్జాయింపుగా రెండు పచ్చిగుడ్లు తాగినవాడికీ ఒక గుడ్డు ఉడకేసుకుని ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని తిన్నవాడికీ దక్కేది ఇంచుమించు ఒకటే. దీనికి తోడు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఒకటి, పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ని ఒంటికి అందకుండా పట్టేసుకోవడం ఇంకోటి. ఉడికిస్తే ఈ రెండు గొడవలూ పోతాయి.

నాటుకోడి గుడ్డులో ప్రొటీన్ ఎక్కువా అంటే, బరువుకి బరువు చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు, గుడ్డు చిన్నది కాబట్టి గుడ్డుకి గుడ్డు చూస్తే తక్కువే వస్తుంది. రుచి కోసం కొనుక్కోండి.

అసలు పచ్చిగా తినకూడనివి

రాజ్మా ఈ వరసలో మొదటిది. అందులో ఉండే లెక్టిన్ అనే పదార్థం వల్ల నాలుగైదు పచ్చి గింజలకే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు కుతకుతా మరగనివ్వాలి. సన్నటి సెగ మీద గంటలకొద్దీ మరగకుండా ఉంచే కుక్కర్లు దీనికి పనికిరావు. మామూలు ప్రెషర్ కుక్కర్ అయితే ఏ టెన్షనూ లేదు. సోయా గింజలూ పచ్చిగా వద్దు. ప్రొటీన్‌ని అరిగించే ట్రిప్సిన్ అనే మన ఎంజైమ్‌ని అడ్డుకునే పదార్థం వాటిలో ఉంటుంది, అంటే ప్రొటీన్ కోసం తిని ప్రొటీన్ అరగకుండా చేసుకోవడమన్నమాట.

శ్రీరామనవమి వడపప్పు సంగతేంటని అడుగుతారని తెలుసు. నానిన పెసరపప్పు ఓ గుప్పెడు ప్రసాదంగా తింటే ఏమీ కాదు, పెసల్లో ఈ అడ్డుకునే పదార్థాలు తక్కువ. రోజూ పెద్ద గిన్నెడు తిని దాన్నే ప్రొటీన్ అనుకుంటే మాత్రం కడుపుబ్బరం ఖాయం.

మొలకల లెక్క

పెసలు యాభై గ్రాములు నానబోసి గుడ్డలో కట్టండి. పొడిగా ఉన్నప్పుడు వాటిలో ప్రొటీన్ దాదాపు పదకొండు గ్రాములు. మొలకలొచ్చాక తూస్తే బరువు రెండింతలో అంతకన్నా ఎక్కువో ఉంటుంది, ప్రొటీన్ మాత్రం ఆ పదకొండే. నీళ్లూ గాలీ తప్ప మనం ఏమీ ఇవ్వలేదు, కొత్త ప్రొటీన్ ఎక్కడినుంచి వస్తుంది? మరి రెట్టింపు అన్న మాట ఎలా పుట్టిందంటే, మొలకెత్తేటప్పుడు గింజ తనలోని పిండిపదార్థాన్ని కొంత ఖర్చు పెట్టుకుంటుంది, ఆ తర్వాత తేమంతా తీసేసి లెక్కేస్తే మిగిలినదాంట్లో ప్రొటీన్ శాతం కొద్దిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ కొద్దిని ఎవరో రెట్టింపు చేశారు. తెల్లగా పొడుగ్గా పెరిగిన మొలకలైతే వందకి మూడు గ్రాముల ప్రొటీనే, మిగతాదంతా దాదాపు నీళ్లు.

మొలకల్లో మంచి ఉంది, విటమిన్ సి వస్తుంది, కొంచెం తేలిగ్గా అరుగుతాయి. కానీ ఆ తడి, ఆ వెచ్చదనం సూక్ష్మజీవులకీ ఇష్టమే. 2011లో జర్మనీలో ఈ-కొలి సోకి దాదాపు నాలుగు వేలమంది జబ్బుపడి యాభైకి పైగా చనిపోయారు, వెతికితే చివరికి తేలింది మెంతి మొలకలు. అందుకే ఒక ఐదు నిమిషాలు ఆవిరి మీద పెట్టండి, లేదా తాలింపు వేసి గుగ్గిళ్లలా చేసుకోండి. గర్భిణులకీ, చిన్నపిల్లలకీ, ముసలివాళ్లకీ పచ్చి మొలకలు పెట్టకండి. పచ్చిపాల విషయమూ అంతే, కాచితే ప్రొటీన్ ఎక్కడికీ పోదు, కాచకపోతే బ్రుసెల్లా లాంటి బ్యాక్టీరియాలు వచ్చి కూర్చుంటాయి.

పసిపిల్లలకి పప్పు నీళ్లు

ఈ నమ్మకం మీద నాకు నిజంగానే కోపం. ఆరు నెలలు నిండిన బిడ్డకి పప్పు మీద తేరిన కట్టు ఒక గిన్నెడు తాగించి "బలమంతా అందులోనే ఉంది" అంటారు. ఆ నీళ్లలో ప్రొటీన్ చాలా కొంచెం, అసలు సరుకు గిన్నె అడుగున గింజల్లో ఉంది. బిడ్డ బొజ్జ చిన్నది, నీళ్లతో నింపేస్తే ఇక దేనికీ చోటుండదు. గరిటె వంచినా జారిపోకుండా నిలబడేంత చిక్కగా ఉండాలి వాళ్ల తిండి. మన అమ్మమ్మలు బియ్యం, పెసరపప్పు వేయించి పొడికొట్టి కాచిన ఉగ్గు ఈ లెక్కన సరిగ్గా సరిపోతుంది. మెత్తగా ఉడికిన పప్పుని మెదిపి, అన్నంలో కలిపి, కాస్త నెయ్యి వేసి పెట్టండి, తేరిన కట్టు పెద్దవాళ్ల చారులోకి వాడుకోండి. అత్తగారు ఒప్పుకోకపోతే గొడవ పెట్టుకోకండి, చంటిపిల్లల డాక్టరు దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్లి ఆ మాట డాక్టరుతోనే చెప్పించండి.

పొడులు, ఆకులు, "క్యాలరీకి లెక్క"

మునగాకు పొడిలో గుడ్డుకి రెండింతల ప్రొటీన్ అంటారు. ఎండబెట్టిన పొడి వందకి పాతిక గ్రాములు దాటుతుంది, గుడ్డు వందకి పదమూడు, కాబట్టి కాగితం మీద నిజం. కానీ మీరు చెంచాడు పొడి వేసుకుంటారు, అది రెండు మూడు గ్రాములు, అందులో ప్రొటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. ఒక గుడ్డుకి సమానం కావాలంటే పాతిక గ్రాముల పొడి, అంటే పది చెంచాల దాకా మింగాలి. మునగాకులో ఇనుము, కాల్షియం ఉన్నాయి, పప్పులో వేసుకుని సుబ్బరంగా తినండి, గుడ్డుతో పోటీ పెట్టకండి. స్పిరులినా అనే నాచుతో చేసిన మాత్రలదీ ఇదే కథ.

పాలకూరకైతే ఇంకో ఉపాయం వాడతారు, బరువు వదిలేసి "క్యాలరీకి ఇంత ప్రొటీన్" అని చెబుతారు. పాలకూరలో క్యాలరీలే తక్కువ కాబట్టి అంకె ఘనంగా కనబడుతుంది. ఇరవై గ్రాముల ప్రొటీన్ కోసం కిలో పాలకూర నమలాలన్న సంగతి ఆ పోస్టులో ఉండదు.

ఇక మీ లెక్క మీరు వేసుకోండి

ఎన్ఐఎన్ చెప్పేది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. పైన చూసిన ఇంట్లోనే లెక్కేద్దాం: రెండు పూటల అన్నం 16, పప్పు 11, రెండు కప్పుల పెరుగు ఆరు, గ్లాసు పాలు ఆరు, ఉడికిన గుడ్డు ఆరు, మొత్తం 45. పొద్దున తిన్న ఇడ్లీలైనా పెసరట్టైనా కలిస్తే యాభై దాటేస్తుంది. గుడ్డు తినని ఇంట్లో ముప్పయి గ్రాముల శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే ఐదారు గ్రాములొస్తాయి, అదే ముప్పయి గ్రాముల పల్లీలైతే ఏడు, కాకపోతే వాటితోపాటు నూనె, నూట డెబ్బై క్యాలరీలు కూడా వస్తాయి కాబట్టి డబ్బా ముందు పెట్టుకుని కూర్చోకండి.

పప్పూ, పెరుగూ, గుడ్డూ ఏవీ సరిగా తినకుండా అన్నం, పచ్చడి, వేపుడుతో సరిపెట్టుకునే ఇంట్లో మాత్రం లోటు నిజంగానే ఉంటుంది, అది పచ్చిగా తిన్నా వండి తిన్నా తీరదు, పదార్థం కంచంలోకి రావాల్సిందే. బరువులెత్తేవాళ్లకి యాభై కన్నా ఎక్కువే కావాలి, అదీ ఇలాగే వండకముందు తూచి కట్టుకోవచ్చు. పౌడర్ డబ్బా కొనేముందు ఒక వారం ఈ లెక్క రాసి చూడండి, 2024లో ఎన్ఐఎన్ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా కండ కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ అంకెలేవీ పట్టుకోకుండా, రోజుకి ఎన్ని గ్రాములు తినొచ్చో డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి.